సినిమా జ్ఞాపికల సేకరణ, మారుబేరం

సినిమాల నిర్మాణం, ప్రచారం, ప్రదర్శన సందర్భంగా పుట్టిన వస్తువులను వెతికి, కొని, భద్రపరిచే అభిరుచిని సినిమా జ్ఞాపికల సేకరణ అంటారు. వాల్‌పోస్టర్లు, పాటల పుస్తకాలు, లాబీ స్టిల్స్, గ్రామఫోన్ రికార్డులు, సినిమా పత్రికలు, తారల ఆటోగ్రాఫులు, నటీనటులు ధరించిన దుస్తులు, శతదినోత్సవ షీల్డులు దీని పరిధిలోకి వస్తాయి. సేకర్తల్లో చాలామంది తమ దగ్గర రెండేసి ఉన్నవాటిని అమ్మి, ఆ డబ్బుతో లేనివాటిని కొంటారు. అందువల్ల ఈ అభిరుచికీ మారుబేరానికీ మొదటినుంచీ విడదీయరాని సంబంధం ఉంది. ఫిల్ము ప్రింట్లు పోయిన సినిమాల విషయంలో ఈ కాగితాలూ రికార్డులే చరిత్రకు మిగిలిన సాక్ష్యాలు.

చారిత్రక ప్రాధాన్యం

తొలినాళ్ల సినిమాలను నైట్రేట్ ఫిల్ము మీద తీసేవారు. అది తొందరగా అంటుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ శిథిలమవుతుంది. ఆట ముగిశాక ప్రింటును దాచాలన్న ఆలోచన కూడా అప్పట్లో తక్కువ. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. తొలి పూర్తి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన 'భక్త ప్రహ్లాద'దీ ఇదే పరిస్థితి.

కాగితపు ఆధారాలు ఎంత విలువైనవో చెప్పడానికి 'భక్త ప్రహ్లాద' ఒక్కటి చాలు. ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు పుస్తకాలు రాశాయి, సభలు జరిగాయి. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ నాటి సెన్సారు వివరాలను, పత్రికా ప్రకటనలను వెలికితీసి, 1932 జనవరిలో సెన్సారు పూర్తిచేసుకున్న ఈ చిత్రం ఆ ఏడాది ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. ఇప్పుడు తెలుగు సినిమా పుట్టినరోజుగా ఫిబ్రవరి 6నే జరుపుకుంటున్నారు. నాటి కాగితాలు దొరకకపోయి ఉంటే ఆ పొరపాటు అలాగే కొనసాగేది.

ప్రధాన రకాలు

*పాటల పుస్తకాలు.* థియేటరు బయట, విరామ సమయంలో లోపలా అణా రెండణాలకు, తర్వాతి కాలంలో పైసలకు అమ్మిన చిన్న పుస్తకాలివి. అట్ట మీద తారల బొమ్మ, లోపల చవక కాగితం మీద నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు, కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. కథను మంచి పట్టు మీద ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనడం వీటి ఆనవాయితీ. పుస్తకం అచ్చయ్యాక నిడివి కోసం పాటను కత్తిరించిన సందర్భాల్లో ఆ పాట ఇక్కడ తప్ప మరెక్కడా కనిపించదు. టైటిల్సులో లేని చిన్న నటుల పేర్లు కూడా ఒక్కోసారి వీటిలో దొరుకుతాయి. ధర తక్కువ, చోటు తక్కువ కాబట్టి కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఎక్కువగా వీటితోనే మొదలుపెడతారు.

*వాల్‌పోస్టర్లు.* భారతీయ సింగిల్ షీట్ పోస్టరు సాధారణ కొలత 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు. ఇంతకన్నా పెద్దవాటిని షీట్లు అతికించి తయారుచేస్తారు. వాటికి సిక్స్ షీట్, ట్వంటీఫోర్ షీట్ అని పేర్లు. నిలిచి ఉన్న భారతీయ సినిమా పోస్టర్లలో బాబూరావు పెయింటర్ మూకీ చిత్రం 'కల్యాణ్ ఖజినా' (1924) పోస్టరును తొలి తరానికి చెందినదిగా చెబుతారు. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ తొలిరోజుల్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు గీశారు. సత్యజిత్ రాయ్ తన చిత్రాల పోస్టర్లను తానే రూపొందించుకున్నారు. తెలుగులో బాపు, కేతా, గంగాధర్, ఈశ్వర్ వంటివారు ఈ కళకు పేరు తెచ్చారు. బాపు 'సాక్షి' (1967)తో పబ్లిసిటీ రంగంలో అడుగుపెట్టిన ఈశ్వర్ తర్వాత 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాసి, తెర వెనుక ఉండిపోయిన ఈ కళాకారుల చరిత్రను అక్షరబద్ధం చేశారు.

పోస్టరు పుట్టిందే గోడకెక్కడానికి. మైదా జిగురుతో అంటించినది వానకు నాని, ఎండకు వెలిసి, మరో పోస్టరు కిందికి పోయేది. అందుకే నేడు సేకర్తల చేతుల్లో ఉన్నవి చాలావరకు వాడకుండా మిగిలినవి. అచ్చాఫీసుల్లో, విజయవాడ గాంధీనగర్ వంటి చోట్ల ఉన్న డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో, మూతపడిన థియేటర్లలో కట్టలు కట్టలుగా పడి ఉన్న సరుకు తూకానికి పోతుంటే ఎవరో ఒకరు ఆపి కొన్నవే ఇవి.

*లాబీ స్టిల్స్, షోకార్డులు.* థియేటరు వరండాలో అద్దాల పెట్టెలో పెట్టే ఫొటోలు, అట్టకు అంటించిన ప్రచార చిత్రాలు ఇవి. తెర మీద లేని సన్నివేశం స్టిల్‌లో కనబడితే, తీసి తొలగించిన ఘట్టం గురించి తెలిసే అవకాశం ఉంది.

*గ్రామఫోన్ రికార్డులు.* లక్కతో చేసిన 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పడుతుంది. పాట పెద్దదైతే రెండు వైపులా పంచేవారు, లేదా రికార్డు కోసం కుదించి మళ్లీ పాడించేవారు. అందువల్ల సినిమాలోని పాటకూ రికార్డులోని పాటకూ తేడాలుంటాయి. చెన్నైలో స్థిరపడిన సంగీత చరిత్రకారుడు వి.ఏ.కె. రంగారావు వేలాది రికార్డులు సేకరించి, వాటి లేబుళ్లు, నంబర్ల ఆధారంగా తెలుగు సినీ సంగీత చరిత్రలోని ఎన్నో సంగతులను సరిదిద్దారు. ఒక వ్యక్తి అభిరుచి ఒక భాష సంగీత చరిత్రకు ఎంత మేలు చేయగలదో ఆయన జీవితం చెబుతుంది.

*పత్రికలు, ఇతరాలు.* 'రూపవాణి', 'విజయచిత్ర', 'జ్యోతిచిత్ర', 'సితార' పాత సంచికలకు, వెండితెర నవలలకు గిరాకీ ఉంది. కరపత్రాలు, విరామంలో చూపిన గాజు స్లైడ్లు, టికెట్ ముక్కలు, తారల బొమ్మల క్యాలెండర్లు కూడా సేకరిస్తారు.

అంతర్జాతీయ విపణి

సినిమా వస్తువులకు పెద్ద విపణి ఏర్పడడానికి అమెరికాలో 1970లో ఎం.జి.ఎం. స్టూడియో సామగ్రికి జరిగిన వేలం ఒక మలుపు. స్టూడియో తన గిడ్డంగుల్లోంచి వదిలించుకున్న దుస్తులను, సెట్టు సామగ్రిని అమ్మిన ఆ వేలంలో 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో జూడీ గార్లండ్ వేసుకున్న ఎర్రటి తళుకుల చెప్పుల జత ఒకటి 15,000 డాలర్లు పలికింది. అదే సినిమాకు చేసిన మరో జత 2005లో మిన్నెసోటాలోని ఒక మ్యూజియం నుంచి చోరీకి గురై, 2018లో దొరికి, 2024 డిసెంబరు వేలంలో రుసుములతో కలిపి 3.25 కోట్ల డాలర్లకు పోయింది.

నటి డెబీ రేనాల్డ్స్ 1970 వేలంలో కొన్న దుస్తులతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి భారీ సేకరణ కూడగట్టారు. వాటితో మ్యూజియం నెలకొల్పాలన్న ఆమె ప్రయత్నాలు నిలదొక్కుకోలేదు. చివరికి 2011లో అమ్మకానికి పెట్టినప్పుడు మార్లిన్ మన్రో 'ది సెవెన్ ఇయర్ ఇచ్'లో ధరించిన తెల్ల గౌను ఒక్కటే రుసుములు కాక 46 లక్షల డాలర్లు పలికింది. ఆడ్రీ హెప్‌బర్న్ కోసం 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్'కు కుట్టిన నల్ల గౌను 2006లో లండన్‌లో 4,67,200 పౌండ్లకు అమ్ముడైంది. అది అంతకుముందు రచయిత డొమినిక్ లాపియర్ నడిపిన సేవాసంస్థకు విరాళంగా అందింది. వచ్చిన సొమ్ము భారతదేశంలో పేద పిల్లల చదువుకు చేరింది.

భారతదేశంలో క్రయవిక్రయాలు

ముంబయి చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్ పాత హిందీ పోస్టర్లకు పేరుపొందింది. హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం పాతపుస్తకాల సంత, జుమ్మేరాత్ బజార్, విజయవాడలో లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాలు తెలుగు సేకర్తలు తిరిగే చోట్లు. తెలుగు పరిశ్రమ చాలాకాలం మద్రాసులో ఉన్నందున పాత తెలుగు సరుకు చెన్నైలోనూ దొరుకుతుంది. 2000 తర్వాత ఓషియాన్స్ సంస్థ సినిమా పోస్టర్లను, వస్తువులను చిత్రకళతో సమానంగా వేలశాలకు తెచ్చింది. 2002లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం భారతీయ సినిమా పోస్టర్ల కళపై ప్రదర్శన పెట్టింది. ఇంటర్నెట్ వేలాలు, సేకర్తల బృందాలు వచ్చాక విదేశాల్లోని తెలుగువారు కూడా తమ ఊరి థియేటరులో చూసిన సినిమా పోస్టరును కొనుక్కోగలుగుతున్నారు.

మారుబేరం సాధారణంగా మూడు తీర్లుగా సాగుతుంది. మొదటిది మార్పిడి: ఇద్దరు సేకర్తలు తమ దగ్గర అదనంగా ఉన్నవి ఇచ్చిపుచ్చుకోవడం. రెండోది గుత్తగా ఒక కట్ట కొని, తనకు కావలసినవి ఉంచుకుని మిగతావి విడివిడిగా అమ్మడం. మూడోది ఒక సినిమాకో, ఒక నటుడికో సంబంధించిన పూర్తి సెట్టు సమకూర్చి ఒకేసారి అమ్మడం. రెండో తీరులో లాభం ఎక్కువ, చరిత్రకు నష్టమూ ఎక్కువే. ఒకే ఆఫీసు నుంచి వచ్చిన కట్టలోని కాగితాలు కలిసి ఉంటే ఆ సినిమా ప్రచారం, పంపిణీ ఎలా జరిగాయో తెలుస్తుంది. విడిపోతే బొమ్మలే మిగులుతాయి. విడగొట్టే ముందు మొత్తం కట్టను స్కాన్ చేసి జాబితా రాసిపెట్టుకునే అమ్మకందారులు ఈ రంగానికి నిజమైన మేలు చేస్తున్నారు.

ధరను నిర్ణయించే అంశాలు

అరుదుదనం, సినిమాకు ఉన్న పేరు, చిత్రకారుడి పేరు, వస్తువు స్థితి, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆధారం ధరను నిర్ణయిస్తాయి. పోస్టర్లలో తొలి విడుదలవి, రీ-రిలీజువి వేరువేరు. ఒకే సినిమా పలుమార్లు విడుదలైనప్పుడు ప్రతిసారీ కొత్త పోస్టర్లు వేసేవారు. తొలి విడుదలదానికే విలువ ఎక్కువ. పాతకాలంలో పోస్టర్లను మడిచే పంపేవారు కాబట్టి మడతలుండడం లోపం కాదు. చిరుగులు, చెద రంధ్రాలు, నీటి మరకలు, సెల్లోటేపు మచ్చలు ధర తగ్గిస్తాయి. రికార్డులో గీతలు, బీటలు చూస్తారు. పాటల పుస్తకంలో అట్ట, లోపలి పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెడతారు.

నకిలీలను గుర్తించడం

పోస్టరును భూతద్దం కింద పెడితే అది ఏ పద్ధతిలో అచ్చయిందో తెలుస్తుంది. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు వరుసగా, క్రమపద్ధతిలో ఉంటాయి. చేత్తో గీసిన లిథో అచ్చులో ఆ క్రమం ఉండదు, రంగు గింజలు గింజలుగా పడుతుంది. ఇటీవలి ఇంక్‌జెట్ నకలులో సన్నని తుంపరలు కనిపిస్తాయి. స్కాను చేసి వేసిన నకలులో అసలు కాగితపు మడతలు కూడా బొమ్మలో భాగంగా అచ్చవుతాయి. వేలితో తడిమితే అక్కడ మడత ఉండదు. కింది అంచున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఊరు మంచి ఆధారం. దాన్ని కత్తిరించిన పోస్టరును అనుమానించాలి.

ఆటోగ్రాఫుల్లో మోసం ఎక్కువ. అభిమానుల ఉత్తరాలకు తారల కార్యదర్శులు సంతకం చేసి పంపిన ఫొటోలు, సంతకం అచ్చువేసినవి చాలా ఉన్నాయి. 1940ల నాటిదని చెప్పే ఫొటో మీద స్కెచ్ పెన్నుతో సంతకం ఉంటే నమ్మకూడదు. అలాంటి పెన్నులు వాడుకలోకి వచ్చింది 1960ల్లో. అమెరికాలో ఎఫ్.బి.ఐ. 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో జరిపిన దర్యాప్తులో క్రీడాకారుల, సినీతారల దొంగ సంతకాలు తయారుచేసే ముఠాలు బయటపడ్డాయి. వాటితోపాటు బూటకపు ధ్రువపత్రాలూ దొరికాయి. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన వస్తువు అసలుదని కాదు.

భద్రపరచడం

కోస్తా ఉక్కపోత, చెదలు, ఎలుకలు కాగితానికి ప్రధాన శత్రువులు. పాత పోస్టర్ల కాగితంలో ఆమ్లం ఉండడంవల్ల అది పసుపెక్కి పెళుసుబారుతుంది. ఆమ్లరహిత కాగితం మధ్య, లేదా పాలియెస్టర్ తొడుగులో పరిచి, నేలకు ఎత్తుగా, గోడకు ఆనకుండా ఉంచాలి. ల్యామినేషన్ చేయించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దాన్ని మళ్లీ తీయడం సాధ్యం కాదు, అమ్మకపు విలువ కూడా పోతుంది. చిరుగులకు సెల్లోటేపు వాడకూడదు. ఎండ తగిలేచోట ఫ్రేము కట్టి వేలాడదీస్తే రంగులు వెలిసిపోతాయి. లక్క రికార్డులను నిలువుగా నిలబెట్టాలి, వాటిని స్పిరిటుతో తుడిస్తే లక్క కరుగుతుంది.

చట్టపరమైన విషయాలు

న్యాయంగా కొన్న పాత పోస్టరును తిరిగి అమ్మవచ్చు. దాని బొమ్మను కొత్తగా అచ్చువేసి అమ్మడం వేరే సంగతి, దానికి హక్కుదారుల అనుమతి కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. చిత్రకారుడి బొమ్మ మీద హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాబట్టి సినిమా మీద హక్కు తీరినా పోస్టరు బొమ్మ మీద హక్కు మిగిలి ఉండవచ్చు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం నూరేళ్లు దాటిన కళావస్తువులకు, చారిత్రక, సాహిత్య, కళా విలువ ఉండి 75 ఏళ్లు నిండిన పత్రాలకు వర్తిస్తుంది. దాని పరిధిలోకి వచ్చేవాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. క్రమం తప్పకుండా కొని అమ్మేవారి రాబడి వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది.

సంస్థలు

1964లో పుణెలో ఏర్పాటై, పి.కె. నాయర్ కృషితో ఎదిగిన భారత జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఫిల్ములతోపాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్స్, రికార్డులను దాచిపెడుతోంది. ముంబయిలో 2014లో మొదలైన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కూడా ఈ వస్తువులను స్వీకరిస్తోంది. ఫిల్మ్ పరిరక్షణపై 2019లో హైదరాబాదులోనూ శిక్షణ శిబిరం నిర్వహించింది. అదే ఏడాది ముంబయిలో భారత జాతీయ సినిమా మ్యూజియం ప్రారంభమైంది. తమిళంలో ఫిల్మ్ న్యూస్ ఆనందన్ జీవితకాలం సేకరించిన సినిమా సమాచారాన్ని, ఫొటోలను తమిళనాడు ప్రభుత్వం తీసుకుంది.

ఇంట్లో, మూతపడిన థియేటరులో, పాత డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఇలాంటి కాగితాలు ఉన్నవారు వాటిని తూకానికి వేసేముందు ఒకసారి సేకర్తకో, ఆర్కైవ్‌కో చూపించడం మంచిది. అమ్మినా, దానమిచ్చినా, అవి ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఎలా దొరికాయో ఒక కాగితం మీద రాసి జతచేయాలి.