కాఫీ హోటలు బోర్డు మీద కులం

నాలాంటి నాస్తికుడికి ఆదివారం పొద్దున వెళ్ళడానికి గుడి లేదు. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ (చెన్నై అనడం నాకింకా నోరు తిరగదు) సాంబారు ఇడ్లీ కోసం ట్రిప్లికేన్ వెళ్ళేవాణ్ణి. పార్థసారథి గుడి నుంచి నామాలతో వచ్చినవాళ్ళు, వాలాజా మసీదు వైపు నుంచి వచ్చినవాళ్ళు, మ్యాన్షన్లలో అద్దెకుండే బ్రహ్మచారులు ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్ళీ పోస్తారు. ఆ తర్వాత డవరా గ్లాసులో కాఫీ. పక్కన కూర్చున్నవాడి కులం ఏమిటో ఎవరికీ పట్టదు.

ఇది మన సనాతన సాత్వికాహారం అని మురిసిపోయే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం కాస్త లెక్క చూద్దాం. ఇడ్లీ పేరు క్రీ.శ. 920 నాటి కన్నడ గ్రంథం వడ్డారాధనలో ఉంది. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసలోనూ వస్తుంది. అయితే ఆ పాత ఇడ్లీ వట్టి మినప్పిండిది. బియ్యం కలపడం, పిండిని బాగా పులియబెట్టడం, ఆవిరి మీద ఉడికించడం ఆ వర్ణనల్లో లేవని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య చూపించాడు. సాంబారులోని మిరపకాయ, టమాటా, మసాలా దోసెలోని బంగాళాదుంప అమెరికా ఖండాలవి. 1498లో వాస్కోడగామా వచ్చేనాటికి ఇక్కడ ఎవరూ వాటిని ఎరగరు. ఇక కాఫీ గింజలు యెమెన్ నుంచి తెచ్చింది బాబా బుడన్ అనే ముస్లిం సూఫీ అని ఐతిహ్యం. పెద్ద ఎత్తున తోటలు వేసింది 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తమిళ పెద్దమనుషులు కాఫీని తిట్టిపోశారు కూడా, జనం చద్దన్నం మాని దీన్ని మరిగారని. ఆ గొడవంతా ఎ.ఆర్. వెంకటాచలపతి సరదాగా రాశాడు.

తిండి వయసు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పంక్తి వయసు. ఎవరు వండారో, ఎవరి పక్కన తిన్నారో అన్నదాని మీదే నిలబడ్డ సమాజంలో హోటలు అనేది ఎంత ప్రమాదకరమైన వస్తువో ఊహించండి! అంతకుముందు ఊరుగానీ ఊరు వెళ్ళిన బ్రాహ్మణుడికి పూటకూళ్ళ ఇల్లు ఉండేది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ అందుకే ఉంది. రైళ్ళు, కచేరీలు, కాలేజీలు వచ్చి జనాన్ని పట్నంలో కుప్పపోశాక కాఫీ హోటళ్ళు లేచాయి, వాటితోపాటే బోర్డులూ లేచాయి. "బ్రాహ్మణాళ్" అన్న మాట ఉంటే వంటవాడు బ్రాహ్మణుడని హామీ. లోపల కూడా బ్రాహ్మణులకో గది, ఇతరులకో గది. పంచములకు ఏ గదీ లేదు. మనం ముచ్చటపడే డవరా గ్లాసు అంచు బయటికి తిరిగి ఉంటుంది కదా, పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవడానికి అది మహా వీలు. ఎంగిలి భయం స్టీలు గ్లాసు దాకా వచ్చిందన్నమాట.

ఈ గదుల మధ్య గోడ దానంతట అది కూలలేదు. ప్రభుత్వ సొత్తయిన రైల్వే స్టేషన్లలోనే భోజనశాలలు కులం ప్రకారం విడిగా ఉండేవి. పెరియార్, ఆయన అనుచరులు ఏళ్ళ తరబడి అల్లరి చేస్తే 1941లో ఆ పద్ధతి పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. ప్రాథమిక హక్కుల్లో, 15వ అధికరణం రెండో క్లాజులో, బావులు, చెరువులతోపాటు దుకాణాలు, హోటళ్ళు అన్న మాటలు కనిపిస్తాయి. ప్రపంచంలో ఎన్ని రాజ్యాంగాలకు హోటలు గురించి మాట్లాడాల్సిన అవసరం పడింది చెప్పండి?

అయినా బోర్డులు పోలేదు. 1957లో పెరియార్ మద్రాసులోని ఆ ట్రిప్లికేన్‌లోనే మురళీ కెఫే అనే హోటలు ముందు ఆందోళన మొదలుపెట్టాడు. కోరిక చిన్నది: బోర్డు మీది ఆ ఒక్క మాట తీసేయాలి. రోజూ కొందరు కార్యకర్తలు వచ్చి నిలబడేవారు, పోలీసులు పట్టుకుపోయేవారు, మర్నాడు ఇంకొందరు. నెలల తరబడి ఇలా సాగాక యజమాని దిగొచ్చి బోర్డు మార్చాడు. తన హోటలుకి తన కులం పేరు పెట్టుకుంటే తప్పేమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. పెరియార్ జవాబు సూటిగా ఉండేది. ఒకడు వీధిలో బ్రాహ్మణుణ్ణని బోర్డు కట్టుకుంటే, మిగతా వీధి అంతా శూద్రులని కట్టినట్టే. పెరియార్ రాతలన్నిటితో నాకు ఏకీభావం లేదు గానీ ఈ లెక్కలో తప్పు నాకు కనిపించలేదు.

మన వైపు గోరా ఇదే పనిని ఇంకో దారిన చేశాడు. ఆయన, సరస్వతి గారు కలిసి అన్ని కులాలవాళ్ళనూ పౌర్ణమి రోజుల్లో సహపంక్తి భోజనాలకు కూర్చోబెట్టారు. వెన్నెల్లో తింటే దీపాల ఖర్చూ ఉండదు!

కముది గుడిలోకి నాడార్లకు ప్రవేశం లేదని 1908లో లండన్ ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. 1981లో ఒక నాడారు, పి. రాజగోపాల్, మద్రాసులో శరవణ భవన్ పెట్టాడు. పేరుమోసిన సంప్రదాయ కుటుంబాలు కూడా క్యూలో నిలబడి అక్కడ తిన్నాయి. ఇది పూర్తిగా సంతోషించే కథ కాదు. నిప్పుతో పనుండే వ్యాపారం చెయ్యమని జ్యోతిష్కుడు చెబితే హోటలు పెట్టాడంటారు. ఆ జాతకాల నమ్మకంతోనే ఓ ఉద్యోగి కూతుర్ని పెళ్ళాడాలని పట్టుబట్టాడు, 2001లో ఆమె భర్త హత్యకు గురయ్యాడు. రాజగోపాల్‌కు పడిన యావజ్జీవ శిక్షను 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ ఏడే చనిపోయాడు.

బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. బెంగళూరు శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965 నుంచి నడుస్తోంది. అక్కడ ఇడ్లీ చట్నీ అద్భుతం, కాదనను. అన్ని కులాలవాళ్ళూ బయట నిలబడే తింటారు. 2012లో శ్రీరంగంలో ఓ హోటలు మీద "బ్రాహ్మణాళ్" మాట కనిపిస్తే ద్రావిడర్ కళగం మళ్ళీ వీధికెక్కింది. మన పట్నాల్లో రాజుల పులావు, రెడ్డిగారి భోజనం అని కులాన్ని రుచిలా అమ్ముతుంటే మనం నవ్వి ఊరుకుంటున్నాం. మాల, మాదిగ పేరుతో మెయిన్ రోడ్డు మీద భోజన హోటలు బోర్డు మీరెప్పుడైనా చూశారా?

అస్పృశ్యత నేరాల చట్టం 1955లో వచ్చింది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడి పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమని అందులో విడిగా రాశారు. రాసినవాళ్ళకు మన టీకొట్లు బాగా తెలుసు. పదకొండు రాష్ట్రాల్లో 565 పల్లెలు తిరిగి చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. అప్పటికీ కొన్ని టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగుతూనే ఉంది. ఒక గ్లాసు కొట్టువాడు కడుగుతాడు. రెండోది తాగినవాడే కడిగి చూరులో పెట్టి పోవాలి.