నీలం దొరికేదాకా

మొక్కకు వెలుతురు కొనాలని చెరుకుపల్లి రైతుతో అంటే నవ్వుతాడు. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిసె చెట్లు పెంచేది తీగకు ఆసరాకే కాదు, నీడకు కూడా. ఈ ఊళ్ల పిల్లలే చికాగో చలికాలంలో కరివేపాకు కుండీని వంటింట్లోకి తెచ్చి, దాని నెత్తిన దీపం వేలాడదీస్తారు.

అలాంటి దీపం మొదట్లో ఆకుల్ని మాడ్చింది. 1880లో ఇంగ్లండులో విలియం సీమెన్స్ ఆర్క్ దీపం కింద మొక్కలు పెంచి చూశాడు. రాత్రి వెలుగులోనూ అవి పెరిగాయి కానీ, దీపం సూటిగా తగిలిన ఆకులు ముడుచుకుపోయాయి. మధ్యలో గాజు పలక అడ్డం పెడితే సరిపోయింది. ఆకుల్ని మాడ్చే అతినీలలోహిత కిరణాల్ని ఆ గాజు చాలావరకు ఆపేసింది.

ఇంతకీ మొక్కకు ఏ రంగు కావాలి? 1882లో జర్మనీకి చెందిన ఎంగెల్‌మాన్ దీన్ని బ్యాక్టీరియానే అడిగాడు. నాచు పోగు మీద ఇంద్రధనుస్సు రంగులు పరిచి, ఆక్సిజన్ కోసం ఎగబడే బ్యాక్టీరియాను వదిలాడు. అవి ఎరుపు దగ్గరా నీలం దగ్గరా గుంపుకట్టాయి. నాకైతే ఈ కథలో ఇంతకన్నా అందమైన ప్రయోగం కనపడదు.

జవాబు తెలిసింది, దీపం లేదు. మామూలు బల్బు వేడికే కరెంటు తగలేసేది. ట్యూబులైటు కొంత నయం. 1962లో హొలోన్యాక్ ఎర్ర ఎల్‌ఈడీ చేశాడు, తగినంత వెలుగిచ్చే నీలం మాత్రం చాలాకాలం ఎవరికీ చిక్కలేదు. అందుకే 1990 ప్రాంతంలో విస్కాన్సిన్ పరిశోధకులు ఎర్ర ఎల్‌ఈడీల కింద లెట్యూస్ పెంచుతూ, నీలం కోసం ట్యూబులైటు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. 1993లో జపాన్‌లో నకమురా మంచి వెలుగిచ్చే నీలం ఎల్‌ఈడీ తెచ్చాడు. అకసాకి, అమానోలతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ వచ్చింది.

2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో మన ఇళ్లకు చేరిన తెల్ల బల్బులో ఉన్నదీ ఆ నీలమే. దానిపై పసుపు పూత కలిసి తెలుపవుతుంది, అందులో కొంత ఎరుపూ ఉంటుంది. కాబట్టి ఎరుపు, నీలం కలిపి మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపాలకు నేను డబ్బు పోయను. ఆ వెలుగులో ఆకు నల్లగా కనిపిస్తుంది, పురుగు పట్టినా తెలియదు. అసలు చూసుకోవాల్సింది దూరం. చిన్న బల్బును రెండింతల దూరానికి జరిపితే అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. తులసికి జానెడు ఎత్తున పెట్టే బల్బును తమలపాకు తీగకు మూరెడు పైకి ఎత్తుతాను.