ఎడారి బాటలో ఇద్దరు: హుయాన్‌త్సాంగ్, అలోపెన్

మా డొంకూరు ఇసుకలో మిట్టమధ్యాహ్నం నడిచినవారికి దాహమంటే తెలుసును. అయితే ఇక్కడ జీడితోట నీడ, నూతినీరు దగ్గరనే ఉంటాయి. క్రీ.శ. 629 ప్రాంతంలో చైనా పశ్చిమ సరిహద్దు దాటిన బౌద్ధ సన్యాసి హుయాన్‌త్సాంగ్‌కు అవి లేవు. కావలి బురుజులు దాటాక దారి తప్పాడు; నీళ్లతిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేదు. చివరకు ముసలి గుర్రమే ఆయనను నీటియొద్దకు చేర్చినదని శిష్యుడు హుయిలి వ్రాశాడు. ఆ యాత్రికుడే తరువాత మన కళింగము, వేంగి, ధాన్యకటకము చూచాడు.

ఆయన మన దేశంలో ఉండగానే, 635లో, తూర్పు సంఘ బోధకుడు అలోపెన్ గ్రంథములతో చాంగాన్ నగరం చేరాడు. ఆయనా ఎడారి బాటనే వచ్చాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. దారి కష్టములను 781 నాటి శిలాశాసనం ఒక్క మాటతో సరిపెట్టింది. తైజోంగ్ చక్రవర్తి గ్రంథములను అనువదింపజేసి, 638లో బోధకు అనుమతినిచ్చాడు. 21 మంది సన్యాసులతో మఠము ఏర్పడినది. అలోపెన్‌కు ఎదురేగిన మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్. 645లో హుయాన్‌త్సాంగ్ తిరిగివచ్చినప్పుడు స్వాగతపు ఏర్పాట్లు చేయించినదీ ఆయనే!

సంఘచరిత్ర పాఠములో సువార్త పడమటి ఓడలెక్కి వచ్చినట్లే చెప్పుతాము. నేనూ అలాగే చెప్పాను. 845 రాజాజ్ఞతో చైనాలో ఆ సంఘము చెదరిపోయింది. సిరియాక్ అక్షరాలు కూడా చెక్కిన ఆ రాయి 1620లలో మట్టిలోనుండి బయటపడినది.