మన ఊరి ఇంటి ధర ఎప్పుడు దించాల?

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, కాబట్టి మన కోలారు మాటల్లోనే రాస్తా ఉండాను. అమ్మానాన్నల ఇల్లు అమ్మకానికి పెట్టి, చెప్పిన ధర దించాలా వద్దా అని కొందరు అడుగుతా ఉండారు.

దీనికి కొంచెం వెనక్కి పోవాల. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినాక మన పెద్దలు చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలో దిగినారు. వాళ్ళున్న లైన్ ఇళ్ళు కంపెనీవి. పని ఉన్నన్నాళ్ళే ఇల్లు, అమ్మే మాటే లేదు. అమ్మకాలన్నీ రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో. అక్కడ కూడా కొనేవాడి చేతిలో ఉండేది గని డబ్బే.

2001 ఫిబ్రవరి 28న గని మూసినారు. జీతం నిలిచిపాయె, మనవాళ్ళు చెప్పే ధర మాత్రం దిగలేదు. గని మళ్ళా తెరుస్తారని ఆశ. 2013లో సుప్రీంకోర్టు గ్లోబల్ టెండరుకు ఒప్పుకున్నప్పుడు ఆ ఆశ ఇంకోసారి లేచింది. గని తెరవలేదు. ఇన్నేళ్ళు బీగం వేసిన ఇంటికి చెదలు మాత్రం తెరవకుండానే వచ్చినాయి.

ఈ లోపల కొనేవాడు మారిపోయినాడు. గని కోసం 1894లో వేసిన మారికుప్పం లైను ఇప్పుడు బెంగళూరుకు కూలికీ, ఆఫీసుకీ పోయేవాళ్ళని మోస్తా ఉంది. సీజన్ టికెట్ల కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఆ క్యూ చూస్తేనే ఊరు ఎట్లా బతుకుతోందో తెలిసేది. అక్కడ బాడుగ కట్టలేక ఇక్కడుండి పోయి వచ్చేవాడే మీ ఇల్లు కొనేది. వాడు ఊరిగాం, చాంపియన్ స్టేషన్లకు ఎంత నడవాలో లెక్క వేస్తాడు, గని పేరు కాదు.

అందుకని ఇట్లా చూడండి. మూడు నెలల్లో పదిమంది వచ్చి చూసి, ఒక్కడూ బేరం ఆడలేదంటే ధర ఎక్కువ. దించండి, కొంచెం కొంచెం కాదు, ఒక్కసారే. బేరం కుదిరి, పత్రాలు చూసినాక తప్పుకుంటా ఉంటే ధర దించి లాభం లేదు. ఖాతా ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే బ్యాంకు లోన్ ఇవ్వదు, అప్పుడు రొక్కం ఉన్నవాడే మిగులుతాడు, వాడు అడిగేది సగం ధర. ముందు ఖాతా మార్పించండి.

బేతమంగలం వరకు వచ్చిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వేను చూపించి ధర పెంచేవాళ్ళూ ఉండారు. దాని పక్కన భూమికి చెల్లుతుందేమో, ఆండర్సన్‌పేట సందులో పాత పెంకుటింటికి కాదు.

పత్రాల్లో అనుమానం ఉంటే జెరాక్సు కాపీలు తీసుకుని సంఘం మీటింగుకు రండి, కూర్చుని చూద్దాం.