ఆకాశములో అదృశ్యమైన ప్రయాణికుడు

1971 నవంబరు 24వ తేదీ బుధవారము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో థాంక్స్‌గివింగ్ పండుగకు అది ముందు దినము. ఆ మధ్యాహ్నము ఆ దేశపు వాయవ్య భాగమున ఉన్న పోర్ట్‌లాండ్ విమానాశ్రయములో, నడివయస్సు గల ఒక వ్యక్తి సియాటిల్ నగరమునకు టిక్కెట్టు కొన్నాడు. ముదురు రంగు సూటు, నల్లని టై ధరించినాడు. చేతిలో ఒక చిన్న పెట్టె ఉన్నది. తన పేరు డాన్ కూపర్ అని చెప్పినాడు. ఆ రోజులలో అక్కడ దేశములోపల ప్రయాణము చేయువారు గుర్తింపు పత్రము చూపవలసిన పని లేదు. ప్రతి ప్రయాణికుని సామాను సోదా చేయు పద్ధతియు లేదు.

ఆ రాత్రియే ఆ మనిషి ఎగురుచున్న విమానము నుండి రెండు లక్షల డాలర్లతో మాయమైనాడు. అర్ధ శతాబ్దము గడచిపోయినది. అతడెవరో, బ్రతికినాడో చనిపోయినాడో నేటికిని తేలలేదు. ఒక పత్రికా విలేఖరి పొరపాటు వలన అతని పేరు డి. బి. కూపర్‌గా ప్రచారమై, లోకములో ఆ పేరే నిలిచిపోయినది. ఈ వృత్తాంతము చుట్టును ఎన్నో ఊహలు అల్లుకొన్నవి. వానిలో ఏది సాక్ష్యమునకు నిలుచును, ఏది నిలువదు అని విచారించుట చరిత్ర విద్యార్థికిని, విజ్ఞానశాస్త్ర విద్యార్థికిని లాభకరము.

ఆనాడు జరిగినది

విమానము నార్త్‌వెస్ట్ ఓరియంట్ సంస్థకు చెందిన బోయింగ్ 727. బయలుదేరిన కొద్దిసేపటికే కూపర్ ఒక విమాన పరిచారికకు చీటీ ఇచ్చినాడు. తన పెట్టెలో బాంబు ఉన్నదని అందులోని సారాంశము. పెట్టె కొంచెము తెరచి చూపినాడు. ఎర్రని గొట్టములు, తీగెలు, ఒక బ్యాటరీ ఆమెకు కనిపించినవి. రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాషూటులు కావలెనని అతడు కోరినాడు.

నాలుగు పారాషూటులు కోరుటలో ఒక యుక్తి ఉన్నది. అతడు తనతో మరియొకరిని బలవంతముగా దూకించునేమో అని అధికారులు భయపడుదురు; కనుక చెడిపోయిన పారాషూటు ఇచ్చుటకు సాహసింపరు.

డబ్బు సమకూర్చువరకు విమానము సియాటిల్ మీద చుట్టు తిరిగినది. యంత్రములో చిన్న లోపము కలిగినదని ప్రయాణికులకు చెప్పినారు. దిగిన పిమ్మట, 10,000 ఇరువది డాలర్ల నోట్లు, పారాషూటులు అతనికి అందినవి. ఆ నోట్ల సంఖ్యలన్నియు నేర పరిశోధక సంస్థ యగు ఎఫ్.బి.ఐ. ముందుగానే ఫోటో తీసియుంచినది. కూపర్ 36 మంది ప్రయాణికులను, ఇద్దరు పరిచారికలను దిగనిచ్చినాడు. నలుగురు సిబ్బందితో విమానము తిరిగి లేచినది. మెక్సికో నగరము వైపు పోవలెననియు, దారిలో రీనో పట్టణమున ఇంధనము నింపుకొనవలెననియు నిర్ణయమైనది.

రాత్రి 8 గంటల ప్రాంతమున వెనుక మెట్లు తెరచుకొన్నట్లు పైలట్ల గదిలో దీపము వెలిగినది. కొద్ది నిమిషములకు, సుమారు 8 గంటల 13 నిమిషములకు, విమానపు తోక ఒక్కసారిగా పైకి కదలినది. రీనోలో దిగి చూచునప్పటికి కూపర్ లేడు. సీటు మీద అతని టై ఉన్నది. రెండు పారాషూటులు, కొన్ని సిగరెట్టు పీకలు మిగిలినవి.

విమానమును తెలిసినవాడు

బోయింగ్ 727కు మూడు ఇంజనులును తోక వైపుననే ఉండును. తోక క్రింద క్రిందికి దిగు మెట్లు ఉండును. అక్కడ నుండి దూకినవాడు ఇంజనుల వేడిగాలికి దొరకక సూటిగా క్రిందికి పడగలడు. ఆ మెట్లను ఎగురుచున్నప్పుడు కూడ దింపవచ్చునని కూపర్‌కు తెలిసియుండెనని ఊహింపవలసియున్నది.

అతడు పైలట్లకు విధించిన షరతులు కూడ గమనింపదగినవి. విమానము 10,000 అడుగులకు పైకి పోరాదు, చక్రములు ముడువరాదు, రెక్కల వెనుక ఉన్న ఫ్లాపులు 15 డిగ్రీలు వంచి ఉంచవలెను, లోపలి గాలి పీడనమును పెంచరాదు. ఫ్లాపులు వంచినచో తక్కువ వేగములో కూడ విమానము గాలిలో నిలువగలదు. 10,000 అడుగుల ఎత్తున గాలి పీడనము సముద్రమట్టములోని దానిలో సుమారు 70 శాతము ఉండును. ఆక్సిజన్ తొడుగు లేకయే మనిషి ఊపిరి పీల్చుకొనగలడు. లోపల వెలుపల పీడనము సమముగా ఉన్నచో తలుపు తెరచినప్పుడు గాలి విసురుగా బయటికి పోదు. ఈ నాలుగు షరతులును ఒక లెక్క ప్రకారము పెట్టినవే. అందువలననే అతడు విమానములతో పరిచయమున్నవాడని పలువురు తలచినారు.

కాని పారాషూటు విషయములో అతని తెలివి అంతగా కనబడదు. ఇచ్చిన రెండు చిన్న పారాషూటులలో ఒకటి తరగతి గదిలో చూపుటకు కుట్టివేసినది, అది తెరచుకొనదు. పొరపాటున వచ్చిన ఆ పారాషూటు విమానములో మిగులలేదు. బాగుగా ఉన్న రెండవ దానిని అతడు విప్పి త్రాళ్ళు కోసికొన్నాడు. అనుభవజ్ఞుడు ఈ పొరపాటు చేయడని తరువాత ఎఫ్.బి.ఐ. అభిప్రాయపడినది. విమానము తెలిసినంత మాత్రమున దూకుట తెలియవలెనని లేదు.

ఎక్కడ పడినాడు?

ఆ రాత్రి వాన, మబ్బు. వెనుక వచ్చిన యుద్ధ విమానముల పైలట్లకు కూడ అతడు దూకుట కనబడలేదు. దూకిన క్షణము తెలియుటకు తోక కదలికయే ఆధారమైనది. తరువాత అదే విమానము నుండి మనిషి బరువు గల వస్తువును మెట్ల మీదుగా జారవిడిచి చూచినారు. బరువు జారగానే మెట్లు పైకి ఎగసి, తోక అదే విధముగా కదలినది. చక్కని ప్రయోగమిది.

అయినను చిక్కు తీరలేదు. గంటకు 300 కిలోమీటర్ల వేగముతో పోవు విమానము నిమిషములో 5 కిలోమీటర్లు సాగును. దూకిన వేళ రెండు నిమిషములు అటు ఇటైన, పడిన చోటు 10 కిలోమీటర్లు మారిపోవును. దానికి గాలి వాలు, పారాషూటు తెరచిన ఎత్తు, విమానము పోయిన దారిలోని సందేహము కలుపవలెను. మొదట లూయిస్ నదీ ప్రాంతమున ఏరియల్ అను పల్లె చుట్టును వెదకినారు. 1972 వసంతకాలమున సైనికులు ఆ అడవులను గాలించినారు. కూపర్ జాడ గాని, పారాషూటు గాని దొరకలేదు. 1978లో ఒక వేటగానికి విమానపు వెనుక మెట్లను దింపు విధము వ్రాసిన పలక మాత్రము అడవిలో దొరికినది.

నదీ తీరమున నోట్లు

1980 ఫిబ్రవరిలో కొలంబియా నది ఒడ్డున, టీనా బార్ అను ఇసుక తీరమునందు, మంట వేయుటకై ఇసుక చదును చేయుచున్న ఎనిమిదేండ్ల బాలునికి నోట్ల కట్టలు దొరికినవి. మొత్తము 5,800 డాలర్లు, అనగా 290 నోట్లు. సంఖ్యలు సరిపోయినవి, అవి కూపర్‌కు ఇచ్చినవే. పదివేల నోట్లలో ఇవి మూడు శాతము కూడ కావు. మిగిలిన 9,710 నోట్లలో ఒక్కటియు ఎక్కడను బయటపడలేదు.

ఈ ఆవిష్కరణము ఒక ప్రశ్నకు సమాధానము చెప్పక మరికొన్ని ప్రశ్నలు లేవదీసినది. లూయిస్ నది కొలంబియాలో కలియు చోటు టీనా బార్‌కు దిగువన ఉన్నది. నీరు ఎదురు పారదు గదా! కనుక ఏరియల్ వద్ద పడిన సొమ్ము ఆ తీరమునకు ఎట్లు వచ్చును? ఎగువన కలియు వాషౌగల్ నది దగ్గర పడియుండునని కొందరు ఊహించినారు. నోట్లకు చుట్టిన రబ్బరు పట్టీలు ఇంకను నిలిచియున్నవి. విడిగా నీటిలో దొర్లిన రబ్బరు అన్ని సంవత్సరములు ఉండదు. కావున నోట్లు త్వరగానే ఇసుకలో పూడినవని ఒక వాదము. 1974లో నది పూడిక తీసి ఆ తీరమున ఇసుక పోసినారు. నోట్లు ఆ ఇసుకకు పైపొరలో ఉన్నవని ఒక భూవిజ్ఞాని చెప్పినాడు. ఆ పొరను గుర్తించుటలోనే పొరపాటు ఉన్నదని తరువాతివారు ఆక్షేపించినారు.

2020లో పరిశోధకులు ఆ నోట్లపై ఉన్న డయాటములను సూక్ష్మదర్శినితో పరీక్షించినారు. ఇవి నీటిలో పెరుగు, కంటికి కనబడని ఏకకణ జీవులు. వాని పైకప్పు గాజు వంటి సిలికాతో ఏర్పడుటచే చిరకాలము నిలుచును. ఒక్కొక్క జాతి ఒక్కొక్క ఋతువులో విస్తరించును. నోట్లపై దొరికినవి వసంత, గ్రీష్మ కాలములలో పెరుగు జాతులు. కూపర్ దూకినది నవంబరులో. అనగా నోట్లు ఆ రాత్రియే నీటిలో పడియుండక, కొన్ని నెలల తరువాత తడిసియుండవచ్చును. ఈ మధ్య కాలములో అవి ఎక్కడ ఉన్నవో, ఎవరైన తెచ్చి పడవేసినారో, వానలకు కొట్టుకొని వచ్చినవో డయాటములు చెప్పజాలవు.

బ్రతికినాడా?

చనిపోయినాడనువారు చూపు కారణములు బలమైనవే. చీకటి, వాన, గడ్డకట్టు చలి, క్రింద దట్టమైన అడవి. ఒంటిపై మామూలు దుస్తులు, కాళ్ళకు సాధారణ బూట్లు. నడుమునకు కట్టుకొన్న డబ్బు బరువు సుమారు 10 కిలోగ్రాములు. నోట్ల సంఖ్యలు బ్యాంకులకు పంపినను ఒక్కటియు చలామణిలో కనబడలేదు.

రెండవ పక్షము చెప్పునది కూడ వినవలెను. 1972లో కూపర్‌ను అనుకరించి విమానములు అపహరించి, పారాషూటుతో దూకిన ఐదుగురును ప్రాణములతో నేలకు దిగినారు. వారిలో పారాషూటు అనుభవము లేనివాడును ఉన్నాడు. అందరును తరువాత పట్టుబడినారు. అయితే ఇతరులు బ్రతికినారు కనుక కూపర్ బ్రతికినాడనుట తర్కము కాదు. బ్రతుకుట అసాధ్యము కాదని మాత్రమే దీనివలన తేలును. శవము దొరకకుండుట మరణమునకు గాని, జీవమునకు గాని సాక్ష్యము కాదు.

ఎవరతడు?

మొదటి ఐదు సంవత్సరములలోనే ఎఫ్.బి.ఐ. 800 మందికి పైగా అనుమానితులను విచారించినది. వారిలో ప్రసిద్ధుడు రిచర్డ్ మెకాయ్. 1972 ఏప్రిల్‌లో ఇదే పద్ధతిలో ఐదు లక్షల డాలర్లు తీసికొని యూటా రాష్ట్రములో దూకినాడు. రెండు దినములలో పట్టుబడినాడు. చెర నుండి తప్పించుకొని 1974లో ఎఫ్.బి.ఐ. వారి కాల్పులలో మరణించినాడు. పని ఒకే తీరుగా ఉన్నందున ఇతడే కూపర్ అని పెక్కుమంది నమ్మినారు. కాని అతని వయస్సు, రూపము పరిచారికలు చెప్పిన గుర్తులతో సరిపోలేదు. తామే కూపర్ అని మరణమునకు ముందు చెప్పుకొన్నవారును ఉన్నారు. అట్టి ఒకని వ్రేలిముద్రలు విమానములోని వానితో కలియలేదు.

మిగిలిన సాక్షి ఆ టై. దానిపై ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వెదకగా శుద్ధ టైటానియము రేణువులు కనిపించినవి. 1971లో ఆ లోహము సామాన్యుల చేతికి వచ్చునది కాదు; లోహపు కర్మాగారములలోను, కొన్ని రసాయన కర్మాగారములలోను వాడెడివారు. కూపర్ అట్టి చోట పనిచేసిన ఇంజనీరో, ఉద్యోగియో అయియుండునని ఒక ఊహ. కాని టై అంతకు ముందు ఇంకొకరిది కావచ్చును. ఎందరో పరిశోధకుల చేతులు దానిపై పడినవి. సిగరెట్టు పీకలైన ఉన్నచో నేటి డి.ఎన్.ఏ. పరీక్షకు అక్కరకు వచ్చెడివి. అవి భద్రపరచు వ్యవస్థలోనే పోయినవి. అట్టి పరీక్ష ఒకటి రాగలదని 1971లో ఎవరును ఎరుగరు.

మిగిలిన ఫలితములు

2016 జూలైలో ఎఫ్.బి.ఐ. ఈ కేసుపై చురుకైన పరిశోధన నిలిపివేసినది. కాని ఈ నేరము విమానయానమునే మార్చినది. బోయింగ్ 727 వెనుక మెట్ల వద్ద ఒక చిన్న రేకును అమర్చినారు. విమానము కదలగానే గాలి ఒత్తిడికి ఆ రేకు తిరిగి మెట్లకు అడ్డుపడును; నేలపై గాలి లేనప్పుడు స్ప్రింగు వలన తిరిగి తొలగును. దీనికి కూపర్ వేన్ అనియే పేరు. 1973 జనవరి నుండి అమెరికా విమానాశ్రయములలో ప్రయాణికులందరిని సోదా చేయుట తప్పనిసరి యైనది. నేడు ప్రతి ప్రయాణికుడు నిలబడు తనిఖీ వరుస వెనుక ఇట్టి అపహరణముల చరిత్ర ఉన్నది.

కూపర్‌ను సాహసవీరునిగా చిత్రించు కథలు, పాటలు అనేకము పుట్టినవి. బాంబు ఉన్నదను పెట్టె ప్రక్కనే గంటల తరబడి కూర్చుండి, కలత పడక ప్రయాణికులను కాపాడిన పరిచారికల ధైర్యము ఆ కథలలో అరుదుగా కనబడును. నిజమైన సాహసము వారిది.

ఈ వృత్తాంతమును తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు విద్యార్థుల చేత రెండు పట్టికలు వ్రాయింపవచ్చును. నోట్ల సంఖ్యలు, తోక కదలిక, డయాటముల జాతి వంటి రుజువైన విషయములు ఒకదానిలో. వానిపై కట్టిన ఊహలు రెండవ దానిలో. మొదటి పట్టిక చిన్నది, రెండవది చాల పెద్దది. క్రొత్త సాక్ష్యము దొరికిననాడు మొదటి పట్టిక కొంచెము పెరుగును, రెండవ దానిలో ఎన్నియో కొట్టివేయబడును. అంతవరకు కూపర్ ఎవరను ప్రశ్నకు తెలియదనుటయే సరియైన సమాధానము.