ఎక్టన్ గ్రామమున ఫ్రాంక్లిను వంశమూలములు

వంశచరిత్రము చిరకాలము రాజులకును ప్రభువులకును మాత్రమే దక్కిన భాగ్యము. భూమిని దానమిచ్చినవాని పేరును, పుచ్చుకొన్నవాని పేరును శాసనములకెక్కినవి. ఆ భూమిని దున్నినవాని పేరును, నాగటికి కఱ్ఱు సాగగొట్టిన కమ్మరి పేరును సాధారణముగా మరుగుపడినవి. అట్టిచో ఇంగ్లండునందలి యొక కమ్మరి కుటుంబము రెండువందల యేండ్ల పర్యంతము తన పూర్వులను పేరుపేరున చూపగలిగినదనిన, అందులకు కారణమేమో విచారింపదగి యున్నది. ఆ కుటుంబము బెంజమిన్ ఫ్రాంక్లినుది. ఆ గ్రామము నార్తాంప్టన్‌షైరు మండలమునందలి ఎక్టన్. 1758వ సంవత్సరమున ఫ్రాంక్లిను స్వయముగా చేసిన వంశాన్వేషణమును, అందు తోడ్పడిన ఆధారముల బలాబలములను మేమీ వ్యాసమున పరిశీలింప నుద్దేశించితిమి.

ఫ్రాంక్లిను 1706 జనవరి 17వ తేదీని అమెరికాయందలి బోస్టన్ నగరమున జన్మించెను. అతని తండ్రి జోసయ 1657లో ఎక్టన్ గ్రామమున పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌షైరునందలి బాన్‌బరీ పట్టణమున తన యన్నయైన జాను నొద్ద బట్టలకు రంగులువేయు పని నేర్చెను. తరువాత అమెరికాకు వలసపోయి, అచట ఆ పనికి గిరాకి చాలనందున కొవ్వొత్తులును సబ్బును చేసి కుటుంబమును పోషించెను. 1757లో ఫ్రాంక్లిను పెన్సిల్వేనియా శాసనసభ ప్రతినిధిగా లండను చేరెను. మరుసటి వేసవిలో కుమారుడైన విలియముతో గూడి తండ్రి పుట్టిన యూరికి వెళ్లెను. ఆ యాత్రావిశేషములను 1758 సెప్టెంబరులో భార్య డెబొరాకు వ్రాసిన లేఖలో తెలిపెను. 1771లో ట్వైఫర్డ్ గ్రామమున తన యాత్మకథను కుమారునికి లేఖారూపమున ప్రారంభించినపుడు, మొట్టమొదట ఈ యాత్రనే స్మరించెను. ఈ రెండు రచనలే మాకు ప్రధానాధారములు.

ఫ్రాంక్లినునకు దొరకిన మొదటి యాధారము కుటుంబస్మృతి. అతని పెదతండ్రులలో నొకడును బెంజమిను నామధేయుడే. పూర్వుల ముచ్చటలను సేకరించు కుతూహలము గలవాడు. అతడిచ్చిన వ్రాతలనుబట్టి, ఈ కుటుంబము మూడువందల యేండ్లుగా ఎక్టన్‌లో దాదాపు 30 ఎకరముల సొంతభూమితో నివసించుచుండెను. కమ్మరము వీరి కులవృత్తివంటిది. జ్యేష్ఠపుత్రునికి ఆ పని తప్పక నేర్పుచుండిరి. మేరీ రాణి కాలమున, అనగా 1553-1558 నడుమ, సంస్కృతమతావలంబులకు ప్రాణభయముండగా, వీరి పూర్వుడొకడు ఆంగ్ల బైబిలును ముక్కాలిపీట యడుగున నాడాలతో కట్టి దాచి, పీటను మోకాళ్లపై తలక్రిందులుగా నుంచుకొని చదువుచుండెననియు, ఒక పిల్లవాడు వాకిట కావలి యుండెననియు ఆ పెదతండ్రియే చెప్పెను. ఇట్టి వృత్తాంతము ఏ లెక్కపుస్తకమునను దొరకదు. స్మృతియొక్క విలువ యిదియే.

వంశనామము మాత్రము జాగ్రత్తతో గ్రహింపదగినది. ఫ్రాంక్లిను అను మాట, ప్రభువంశములకు చెందక తన భూమిపై తాను స్వతంత్రుడైన రైతును తెలుపు పూర్వకాలపు వర్గనామము. కావున ఆ పేరుగలవారందఱు ఒకే వంశమువారని చెప్పరాదు. మనలో ఇంటిపేరొకటి యైనంత మాత్రమున గోత్రమొకటి కానట్లే, అచటను నామసామ్యము బంధుత్వమునకు సాక్ష్యము కాజాలదు.

రెండవ యాధారము చర్చి రిజిస్టరు. ఎనిమిదవ హెన్రీ మంత్రియగు థామస్ క్రామ్‌వెల్ 1538లో ఒక యాజ్ఞ వెలువరించి, ప్రతి చర్చియు తన పరిధిలోని జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను వ్రాసి యుంచవలెనని శాసించెను. విడికాగితములపై నున్న పాతవ్రాతలను చర్మపత్రములపై నెక్కింపవలెనని 1598లో మఱియొక నిబంధన యేర్పడెను. ఈ విధానమున ప్రభువు బిడ్డయు కమ్మరి బిడ్డయు ఒకే పుటలో చేరిరి. మా యభిప్రాయమున సామాన్యుని వంశచరిత్రకు పునాది ఇదియే. 1837లో ప్రభుత్వపు జననమరణ లేఖనము మొదలగువఱకు, ఇంగ్లండులో వంశమూలములను వెదకువారికి ఈ రిజిస్టర్లే ముఖ్యశరణ్యము.

ఎక్టన్ రిజిస్టరు 1555నుండి మాత్రమే యున్నట్లు ఫ్రాంక్లిను గమనించెను. అందు తన తాతయైన థామసు 1598లో జన్మించినట్లు తెలిసికొనెను. తాను అయిదు తరములుగా కనిష్ఠపుత్రునికి కనిష్ఠపుత్రుడ నని గుర్తించి, ఆస్తి యేదేని యుండినను తన కది దక్కుట దుర్ఘటమని పరిహాసమాడెను. ఇచట చరిత్రకారుడు ఒక భేదమును పాటింపవలెను. 1555నుండి 1758వఱకు గల రెండువందల యేండ్లకు లేఖ్యసాక్ష్యము కలదు. అంతకు పూర్వపు నూఱేండ్లు పెదతండ్రి బెంజమిను మాటపై నిలిచినవి. ఆ మాట అసత్యమని కాదు. దాని ప్రామాణ్యము వేఱు.

స్మృతియు లేఖ్యమును కలిసినచోట సత్యము ఎట్లు తేలునో జోసయ వలసకాలమే నిదర్శనము. ఆత్మకథలో అది ఇంచుమించు 1682 అని యున్నది. డెబొరాకు వ్రాసిన లేఖలో, ఒక వృద్ధబంధువు జ్ఞాపకమునుబట్టి, 1685 ప్రాంతమని యున్నది. జోసయ ముగ్గురు బిడ్డలతో వెళ్లినట్లు ఆత్మకథయే చెప్పుచున్నది. మూడవ బిడ్డ హానా బాన్‌బరీలో పుట్టినది 1683 మే నెలలో. కనుక 1682 పొసగదు. బోస్టన్‌లో వారికి తరువాతి బిడ్డ పుట్టినది 1685 ఆగస్టులో. కనుక పరిశోధకులు వలసకాలమును 1683గా నిర్ణయించుట సమంజసము. తేదీల విషయమున మఱియొక చిక్కు కలదు. 1752కు పూర్వము ఇంగ్లండులో సంవత్సరము మార్చి 25న మొదలగుచుండెను. నాటి వ్రాతలలో జనవరి, ఫిబ్రవరి మాసములు గతసంవత్సరముననే చేరియుండును. ఇది యెఱుగనివాడు ఒక యేడు పొరబడును.

మూడవ యాధారము సజీవుల వాక్కు. ఫ్రాంక్లిను వెలింగ్‌బరో పట్టణమున మేరీ ఫిషరును కలిసికొనెను. ఆమె అతని పెదతండ్రి థామసునకు ఏకైక పుత్రిక. జోసయ అమెరికాకు తరలిపోవుట ఆమెకు జ్ఞాపకమున్నది. పిత్రార్జితమైన యిల్లును భూమియు ఆమెకు సంక్రమింపగా, ఆమెయు భర్తయు వానిని ఆ గ్రామపు భూస్వామియగు ఇస్టెడ్‌నకు విక్రయించిరి. తరతరములు ఒకేచోట నిలిపిన సొంతభూమి ఇట్లు వంశము చేయిదాటెను. ఫ్రాంక్లిను చూచునాటికి శిథిలమైన ఆ రాతియింట పాఠశాల నడచుచుండెను. ఊరివారు మాత్రము దానిని ఫ్రాంక్లినుల యిల్లనియే పిలుచుచుండిరి.

ఎక్టన్ మతాచార్యుడు రిజిస్టరు చూపగా, ఆయన భార్య పెదతండ్రి కథలు చెప్పెను. ఆ థామసు కమ్మరము నేర్చియు, చదువుకొని దస్తావేజుల వ్రాయసకాడయ్యెను. చర్చి గోపురమునకు గంటలమోత నమర్చుటకు చందాలు కూర్చెను. వరదనుండి ఊరి పచ్చికబయళ్లను కాపాడు ఉపాయము కనుగొనెను. అతడు మరణించినది పాతలెక్క ప్రకారము జనవరి 6. ఫ్రాంక్లిను జన్మించినదియు పాతలెక్కన అదే తేది. ఇరువురి స్వభావసామ్యమును విని, మరణజననములు ఒకే దినమున సంభవించియుండినచో పునర్జన్మమని తలపవచ్చునని విలియము పలికెనట.

నాలుగవ యాధారము సమాధిశిలలు. అవి నాచుపట్టి చదువరాకుండెను. మతాచార్యుని భార్య గట్టి కుంచెను, గిన్నెతో నీటిని తెప్పించెను. పీటరు అనువాడు రాళ్లను తోమి శుభ్రపఱచెను. విలియము అక్షరములను వ్రాసికొనెను. ఈ పీటరు ఫ్రాంక్లిను అమెరికానుండి వెంటదెచ్చుకొన్న బానిస. తన మరణానంతరము పీటరునకును అతని భార్య జమైమాకును స్వేచ్ఛ కలుగవలెనని ఫ్రాంక్లిను 1757 ఏప్రిలులో వీలునామా వ్రాసియుండెను.

ఈ యొక్క వాక్యమే వంశచరిత్ర పరిశోధకులను మిక్కిలి ఆలోచింపజేయవలసినది. కమ్మరి మనుమడు తాత ముత్తాతలను కనుగొనగలిగెను. ఏలయన అతని పూర్వులకు సొంతభూమి కలదు, నిలుకడ కలదు, పేర్లు వ్రాసికొను చర్చి కలదు. ఆ పూర్వుల పేళ్లపైనుండి నాచు తొలగించినవానికి ఇవేవియు లేవు. బానిసత్వము వంశనామమును, జన్మస్థానమును, బంధువర్గమును త్రుంచివేయు వ్యవస్థ. పీటరు మనకు కనబడునది యజమాని లేఖలలోను వీలునామాలోను మాత్రమే. కాలాంతరమున ఫ్రాంక్లిను దృష్టి మారెను. 1787లో అతడు పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘమున కధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసునకు విజ్ఞాపన పంపెను. ఆ యేప్రిలులోనే మరణించెను. కాని ఆ మార్పు పీటరు పూర్వుల పేళ్లను తిరిగి తేజాలదు.

కావున వంశమూలము దొరకుట కులీనతకు గుఱుతు కాదు, దొరకకుండుట హీనతకు గుఱుతు కాదు. ఎవరి పేళ్లు వ్రాయబడినవి, ఎవరు వ్రాసిరి, ఎవరిని విడిచిరి అను ప్రశ్నలు వేసినగాని ఏ వంశవృక్షమును సరిగా చదువజాలమని మా నిశ్చయము.