ఊరి కరెంటు ఊరి చేతిలో: ఉమ్మడి విద్యుత్ ప్రాజెక్టు పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

సోలార్ పార్కులు వచ్చిన చాలా ఊళ్లలో రైతుకు దక్కుతున్నది భూమి కౌలు మాత్రమే. ప్లాంటు, దాని మీద వచ్చే లాభం కంపెనీవి. ఇందుకు భిన్నంగా స్థానికులే పెట్టుబడి పెట్టి, వాళ్లే నిర్ణయాలు తీసుకుని, ఆదాయాన్ని పంచుకునే పద్ధతిని సామూహిక యాజమాన్యం అంటారు. దేశంలో ఇలాంటి ప్రయత్నాలు కొన్ని నిలిచాయి, కొన్ని కూలిపోయాయి. రెండింటి నుంచీ నేర్చుకోవాల్సింది ఉంది.

మూడు ఊళ్ల అనుభవం

తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ 2006లో సుమారు రూ.1.55 కోట్లతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. కొంత సొమ్ము పంచాయతీ పొదుపు, మిగతాది బ్యాంకు రుణం. గాలి బాగా వీచే చోటు వెతికి, గాలిమరను ఊళ్లో కాకుండా ఉడుమలపేట వైపు పెట్టారు. పంచాయతీ అవసరాలకు పోగా మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మి, ఆ ఆదాయంతో అప్పు తీర్చారు.

గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండిలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్లు డీజిల్ పంపులతో నీళ్లు తోడుకునేవారు. ఇప్పుడు పొలానికి వాడగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముతారు. డిస్కం 25 ఏళ్లకు యూనిట్‌కు రూ.4.63 చొప్పున ఒప్పందం చేసుకుంది. బదులుగా రైతులు సబ్సిడీ వ్యవసాయ కనెక్షన్ అడిగే హక్కు వదులుకున్నారు. నీళ్లు పొదుపు చేస్తే డబ్బులు వస్తాయి కాబట్టి భూగర్భ జలాలను అతిగా తోడే అవసరం తగ్గుతుందన్నది దీని వెనుక ఆలోచన. అయితే మొదట్లో ఖర్చులో ఎక్కువ భాగాన్ని అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ భరించింది. యూనిట్‌పై అదనపు బోనస్ కూడా ఇచ్చింది. అందుకే ఆ లెక్కలను యథాతథంగా మరో ఊరికి వర్తింపజేయలేం.

బిహార్‌లోని ధర్నాయిది మరో కథ. 2014లో అక్కడ 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ వచ్చింది. కొద్దికాలానికే చవకైన గ్రిడ్ కరెంటు ఊళ్లోకి వచ్చింది. బ్యాటరీలు మూడేళ్లకే అరిగిపోయాయి, మార్చే దిక్కు లేకపోయింది. చివరికి వ్యవస్థ మూలపడింది.

చట్టం ఏం చెబుతోంది?

విద్యుత్ చట్టం 2003 ప్రకారం కరెంటు ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదు. తీగలు వేసి ఇతరులకు అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతాలకు ఇందులో మినహాయింపు ఉంది. గ్రిడ్ ఉన్న ఊళ్లలో డిస్కంకు అమ్మడమే తేలిక దారి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం 'ఎ' విభాగం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లను రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పెట్టుకునే వీలు కల్పించారు. పథకం గడువు, తాజా నిబంధనలు ముందుగా రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థలో తెలుసుకోవాలి.

ఏ వరసలో వెళ్లాలి?

1. సబ్‌స్టేషన్: స్థలం కంటే ముందు దీన్ని చూడాలి. దగ్గరి సబ్‌స్టేషన్‌లో ఖాళీ సామర్థ్యం ఎంతో డిస్కం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. దూరం పెరిగితే లైను ఖర్చూ పెరుగుతుంది.

2. సంఘం: తెలుగు రాష్ట్రాల్లో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. కనీసం పది మంది రైతులుంటే ఉత్పత్తిదారుల కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. ఎవరి వాటా ఎంతైనా ఒక్కొక్కరికి ఒక్క ఓటే ఉండాలి. సభ్యుడు తప్పుకుంటే, చనిపోతే వాటా ఎవరికి చెందుతుందో నియమావళిలో రాసుకోవాలి.

3. లెక్క: ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు రూ.3.13 చొప్పున చూస్తే రాబడి దాదాపు రూ.47 లక్షలు. రూ.3.5 కోట్ల ఖర్చులో 70 శాతం అప్పు తెచ్చి, 10 శాతం వడ్డీ కడితే మొదటి ఏడాది వడ్డీయే రూ.24.5 లక్షలు. మిగిలిన రూ.22.5 లక్షల్లోనే అసలు, బీమా, కాపలా, ప్యానెళ్ల శుభ్రత అన్నీ చూసుకోవాలి. అంటే అప్పు తీరేదాకా సభ్యుల చేతికి వచ్చేది స్వల్పం. ఈ మాట వాటా సొమ్ము వసూలు చేసేముందే చెప్పాలి.

4. ఒప్పందం: డిస్కం బిల్లులు ఆలస్యమైతే కిస్తీ ఆగుతుంది. కొన్ని నెలల కిస్తీలకు సరిపడా నిల్వ ఉంచుకోవాలి. గ్రిడ్ కరెంటు తీసుకోలేని రోజులకు పరిహారం ఉందో లేదో ఒప్పందంలో చూసుకోవాలి.

5. నిర్వహణ: ఇన్వర్టర్లు మధ్యలో మార్చాల్సి వస్తుంది. ఆ సొమ్మును మొదటి ఏడాది నుంచే పక్కన పెట్టాలి. ఊళ్లోని ఇద్దరు ముగ్గురు యువకులకు మరమ్మతుల్లో శిక్షణ ఇప్పించాలి.

ధర్నాయిలో ప్యానెళ్లు, తీగలు ఉన్నా బ్యాటరీలు అరిగిపోయాక వాటిని మార్చే ఏర్పాటు లేదు. కొత్తగా మొదలుపెట్టే ఊరు ముందు ఆ ఏర్పాటు చేసుకుని, తర్వాతే శంకుస్థాపన పెట్టుకోవడం మేలు.